నీకైతే రాదులే, ఖాలా

పాదాల మీద వెచ్చగా తగులుతోంది, అంటే ఎండ వరండాలోకి వచ్చేసిందన్నమాట, ఇందాక వేళ్ళ కొసల దగ్గర ఉన్నది ఇప్పుడు మడమల దాకా పాకింది, శుక్రవారం నుంచి నేను నేర్చుకున్న విద్య ఇది, ఎండను ఒంటితో కనిపెట్టడం, కండ్లతో పని లేకుండా. ఈ సంగతి పక్కన కూర్చున్న జుబేదాకు తెలియదు. తెలియకూడదు. మదనపల్లె ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా ఈ బెంచీయే మాకు, ఇదే ఫినాయిల్ వాసన, ఇదే గోడకు వీపు ఆనించి రాయవేలూరు నుంచి నెలకోసారి వచ్చే కండ్ల డాక్టరమ్మ కోసం చూడటం, చూడటం అంటున్నానే చూడు, నోటికి అలవాటు పోదు. "డాక్టరమ్మ వచ్చేసింది ఖాలా, జీపు ఆడ నిలబడిండాది, ఈసారి తప్పకుండా ఆపరేషన్ చేస్తాది," అంటుంది జుబేదా. నా అక్క కూతురు అది, నా కొడుకు ఇనాయతుల్లాకే చేసుకున్నాం, కోడలై వచ్చినా ఖాలా, అంటే పిన్నీ, అనే పిలుపు మారలేదు, నలుగురిలో ఉన్నప్పుడు తెలుగు, ఇంట్లో మా తురక మాట. చేస్తాదిలే అమ్మీ, అన్నాను. డాక్టరమ్మ మొదటిరోజు చెప్పింది మరిచిపోతే గదా, పోయిన చూపును నేను తేలేనమ్మా, ఉన్నదాన్ని మాత్రం పోకుండా కాపాడతాను, అని. ఉన్నది ఉంటే గదా తల్లీ కాపాడటానికి.

ఉన్నది అంటే మాత్రం ఎంతని, శుక్రవారం దాకా కుడికంట్లో చెంబు మూతంత. ఎడమకన్ను ఎప్పుడు పోయిందో నాకే తెలియదు, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది, ఒకరోజు కుడికంట్లో నలుసు పడి మూసుకుంటే ఇల్లంతా చీకటి, అప్పుడు తెలిసింది. అయినా నా పనికి కండ్లెందుకు అనుకునేదాన్ని. పుంగనూరు చుట్టూ పల్లెల్లో అజీజాబీ అంటే ఎవరికీ తెలియదు, గాజులమ్మ అంటే పసిబిడ్డ కూడా చూపిస్తుంది. గాజుల మలారం భుజాన వేసుకుని వీధి మొదట్లోకి అడుగు పెట్టేసరికే, దారాలకు గుచ్చిన గాజుల గలగల విని ఆడవాళ్ళు చేతులు కడుక్కుని అరుగుల మీదికి చేరేవాళ్ళు. చేయి పట్టుకుంటే చాలు నాకు, ఏ గాజు పడుతుందో వేళ్ళే చెప్పేవి, బొటనవేలు లోపలికి మడిచి, ఎముక దగ్గర మెత్తగా నొక్కి, మీ అత్త మంచిదేనా మే, మొగుడు సంతకు పోతే నీకేం తెస్తాండాడు అని మాటల్లో పెట్టి, నవ్వుతుండగానే గాజు దాటించేసేదాన్ని. పేడ ఎత్తే చేతులు, వేరుశెనక్కాయలు వలిచి వలిచి గరుకెక్కిన చేతులు, మొన్ననే ఈడేరిన పిల్లల మెత్తని చేతులు. తొడగడం అయ్యాక ఆ రెండు చేతులూ కండ్లకద్దుకుని, గాజులమ్మ చేయి మంచిదబ్బా అనేవాళ్ళు. నా చేయి మంచిదట.

దీపాల చుట్టూ రంగులు మొదలైనప్పుడు కూడా నాకు భయం వేయలేదు. పొద్దుగూకాక బస్సు లైట్ల చుట్టూ, బంకు దగ్గర బల్బు చుట్టూ, ఎరుపు పసుపు పచ్చ వరసలు వరసలుగా, గాజుల మనిషిని కదా, దీపాలకు కూడా ఎవరో గాజులు తొడిగారే అని మురిసిపోయాను. పిచ్చిదాన్ని. ఆ తర్వాత చౌడమ్మ ఇంటి పెళ్ళిలో పెళ్ళికూతురికి పచ్చగాజులనుకుని నీలం తొడిగాను, అచ్చంగా సరిపోయాయి, ఒక్కటి చిట్లలేదు, గర్వంగా తలెత్తేసరికి చుట్టూ ఆడవాళ్ళ గాజుల గలగల ఆగిపోయింది. "ఏమ్మా గాజులమ్మా, నీకు కండ్లు కనపడలేదా?" అంది చౌడమ్మ, తిట్టలేదు పాపం, నిజంగానే అడిగింది. పెళ్ళికూతురి చేతి మీద గాజు పగలగొట్టకూడదు కదా, సబ్బునీళ్ళు రాసి ఒక్కొక్కటే వెనక్కి తీశాను, తొడిగేటప్పుడు నవ్విన పిల్ల తీసేటప్పుడు ఏడ్చింది. తర్వాత ఆ పల్లెలో నా గొంతు విని అరుగు మీదికి వచ్చినవాళ్ళు లేరు. పోట్లాడలేదు, పొమ్మనలేదు, రేపు రామ్మా, ఈ పొద్దు పనుండాదమ్మా, అంతే. ఆ కబురు పక్క పల్లెకూ పోయింది, ఆ పక్క పల్లెకూ పోయింది, మలారం మేకుకు తగిలించి నేను ఇంట్లో కూర్చున్నాను.

పక్కనెవరో దగ్గుతూ కూర్చున్నారు, ఆ దగ్గు నాకు తెలుసు, బి.కొత్తకోట ముత్యాలప్ప. మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఇట్లాగే పక్కన కూర్చుని తన ఆవుల సంగతులన్నీ చెప్పాడు, ఏ ఆవు తన్నుతుంది, ఏది చేపదు, అన్నీ. ఆయనకు శుక్లం. "ఏమమ్మా గాజులమ్మా, ఈ పొద్దు మనిద్దరికీ కండ్లొచ్చేస్తాయి సూడు," అంటున్నాడు. నీకొస్తాయప్పా, అన్నాను, నవ్వుతూనే అన్నాను. శుక్లం ఎన్నాళ్ళైనా కాచుకుంటుందట, పండినా ముదిరినా కోసి తీసేస్తే మళ్ళీ వెలుతురే, అది డాక్టరమ్మే చెప్పింది. నాది అట్లాంటి జబ్బు కాదు. నాది నీటికాసులు. కుప్పంలో మా బద్రున్నీసా అక్క, అంటే ఈ జుబేదా తల్లి, వాళ్ళ ఊళ్ళో కండ్ల క్యాంపు పెట్టారని నన్ను పిలిపించుకుంది, గుడుపల్లె నుంచి కూడా జనం బండ్లు కట్టుకుని వచ్చారు, ఆ తోపులాటలో అక్క నా చేయి వదలలేదు. కంట్లో నీళ్ళు పోయే దారి మూసుకుపోయిందమ్మా, ఆ బరువుకు నరం చచ్చిపోతోంది, చిన్న కిటికీ కోసి దారి ఇస్తాను, వచ్చే నెల మదనపల్లెకు రా, ఆలస్యం మాత్రం చేయొద్దు, అంది క్యాంపుకు వచ్చిన ఈ డాక్టరమ్మే, చేతిలో చుక్కల సీసా పెట్టింది. ఇంటికి వస్తూ బస్సులో ఆ చెంబు మూతలోంచే అన్నీ చూసుకున్నాను, ఆశపోతులాగా, రాళ్ళగుట్టలు, మేకలు, కండక్టరు చెవిలో పెన్సిలు. ఇల్లు చేరాక జుబేదాను దగ్గరికి పిలిచి దాని చేయి కంటి ముందుకు పెట్టుకుని చూశాను, కడుపుతో ఉన్నప్పుడు నేనే తొడిగిన పచ్చగాజులు, పచ్చ అంటే పచ్చ, తప్పు లేదు. ఈ కిటికీ ఏదో కోయించుకుంటే చాలు, ఇంత చూపుతోనే మళ్ళీ పల్లెలకు పోతాను, దగ్గర పెట్టుకుని చూస్తే రంగు తెలుస్తుంది, చౌడమ్మ ఇంటికే మొదట పోతాను, అనుకున్నాను.

ఆ నెలే వచ్చింది కండ్లకలక. ఈ ఎనభై ఒకటిలో మాయదారి రోగం ఎన్ని ఊళ్ళు తిరిగిందో, మద్రాసులో ఇంటికి నలుగురట, బెంగుళూరులో ఆఫీసులే మూశారట, ఒక దేశం అని లేదు ప్రపంచమంతా తిరుగుతోందమ్మా, అని ఇక్కడి నర్సమ్మే చెప్పింది. మేం ఆపరేషన్ కోసం బయలుదేరిన రోజు బస్సులో సగం మంది నల్లద్దాలు పెట్టుకున్నారని జుబేదా నా చెవిలో చెప్పి నవ్వింది, డ్రైవరు కూడానట, అందరూ సినిమా హీరోలేనే, అన్నాను. ఇక్కడికి వస్తే ఆపరేషన్ గదికి తాళం. "కండ్లకలక తగ్గేదాకా ఎవరికీ కన్ను కోయకూడదమ్మా, కోసిన కంట్లోకి అది దూరిందంటే మొత్తం కన్నే పోతాది. మీ మంచికే చెప్తాండాం, వచ్చే నెల రండి," అంది నర్సమ్మ. తప్పేమీ లేదు, ఆమె కండ్లు కూడా ఎర్రగా వాచి ఉన్నాయట. ముత్యాలప్ప నెల దాకా తన ఆవులను తాను గుర్తుపడతాడో లేదో అని గొణుక్కుంటూ పోయాడు. నేను మాత్రం ఆ తాళంకప్పను ఒకసారి చేత్తో తడిమి వచ్చాను. ఎందుకు తడిమానో తెలియదు, చల్లగా ఉండింది.

తర్వాత మా వీధికి వచ్చింది. ముందు ఇనాయతుల్లాకు, మర్నాటికి జుబేదాకు, ఆ వెంటనే పాలు తాగే పాపకు, ఎదురింట్లో, పక్కింట్లో, అందరికీ. కన్ను చూస్తే అంటుకుంటుందని అందరికీ తెలుసు, రోగం వచ్చినవాళ్ళ కంట్లోకి చూడకూడదు, చూశామా అయిపోయాం, అందుకే తల్లి బిడ్డ మొహం చూడదు, మొగుడు వచ్చి పెండ్లాంతో గోడవైపు తిరిగి మాట్లాడతాడు, నవ్వు వచ్చేది నాకు. పాప కండ్లు పుసికట్టి అతుక్కుపోయి ఏడుస్తోంది, జుబేదా తన కండ్లే తెరవలేకుండా ఉంది, అప్పుడు అంది అది, "ఖాలా, నువ్వు కొంచెం పాపను సూడరాదా? నీకైతే రాదులే, నువ్వు ఎవరి కంట్లోకీ సూడలేవు గదా." అవునే, అన్నాను, నిజమే కదా అనిపించింది, ఇన్నాళ్ళకు ఈ గుడ్డితనం ఒక పనికొచ్చిందే, అని నవ్వాను కూడా. గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి పాప కండ్లు విడదీశాను, నందివర్ధనం పూలు నలిపి ఆ రసం పిండాను, పాప ఏడుపు ఆపి నా వేలు పట్టుకుంది. ఎదురింటి వాళ్ళు విని, మా పిల్లోడికి కూడా అన్నారు. పక్కింటి వాళ్ళు వచ్చి, గాజులమ్మా నీకైతే రాదు గదా, కొంచెం రామ్మా, అన్నారు. రామ్మా! రేపు రా అని కాదు, ఇప్పుడే రా అని. పొద్దున లేస్తే ఎవరో ఒకరు గుమ్మంలో పిలుపు, మళ్ళీ అరుగుల మీదికి చేరిన జనం, మళ్ళీ నా వేళ్ళ కింద మొహాలు, చేతులు, ఏడ్చే పిల్లలను మాటల్లో పెట్టి కన్ను కడిగేయడం, అచ్చం గాజులు తొడిగినట్టే. ఒక్కొక్కరికీ కడగడం అయ్యాక రెండు చేతులూ ఎత్తి దువా చేసేదాన్ని, అల్లా వీళ్ళ చూపు చల్లగా ఉంచు అని, అయ్యాక మా వాళ్ళు చేసినట్టే ఆ రెండు చేతులూ మొహం మీద నిమురుకునేదాన్ని, కండ్ల మీదుగా గడ్డం దాకా. ఎంత సంతోషంగా ఉన్నానో ఆ వారం. ఎవరితో చెప్పుకోను, ఈ సంవత్సరం మొత్తంలో నేను సంతోషంగా ఉన్నది ఆ ఒక్క వారమే.

వారం తిరగకముందే నా కండ్లలో ఇసుక పోసినట్టయింది. వీధిలో అందరికీ తగ్గిపోయింది, నాది మాత్రం నిప్పుకణికలా ఎర్రబడి, రెప్ప వాచి, కంటి చుట్టూ నెత్తురు కట్టింది, అంగళ్ళలో కంటి మందు సీసా అన్నదే లేకుండా జనం ఊడ్చుకుపోయారు, నా చుక్కలు కూడా అయిపోయి, ఇనాయతుల్లా పలమనేరు దాకా పోయి ఉత్త చేతులతో వచ్చాడు. ఆ పై నెల ఇక్కడికి వస్తే డాక్టరమ్మ నా రెప్ప ఎత్తి చూసి నిట్టూర్చింది. ఇట్లా ఉంటే నేను కత్తి పెట్టలేనమ్మా, ఇది పూర్తిగా తగ్గాలి, అంది, గొంతులో కోపం లేదు, బాధ ఉంది. "మా ఖాలా ఎవరి కంట్లోకీ సూడలేదు గదా డాక్టరమ్మా, ఎట్లా అంటిందో," అని జుబేదా ఏదో అనబోతే, "చూపుతో అంటేది కాదమ్మా ఇది, చేత్తో అంటుతుంది, వాళ్ళ కన్ను ముట్టుకున్న చేత్తో మన కన్ను ముట్టుకుంటే," అంది డాక్టరమ్మ. చేత్తో. నా చేయి మంచిది కదా. పక్కన జుబేదా గాజులు కదలడం లేదు, ఇంట్లో ఎవరికుండింది, ఎవరి నుంచి వచ్చింది, అని డాక్టరమ్మ అడిగితే అది "నా..." అని మొదలుపెట్టింది, నేను దాని మణికట్టు గట్టిగా పట్టుకుని, బస్సులో అంటింది డాక్టరమ్మా, బస్సు నిండా అదే రోగం, అన్నాను. ఆ రోజు నుంచి అది నాతో నవ్వి మాట్లాడింది లేదు. అన్నం ముద్దలు కలిపి నా చేతిలో పెడుతుంది, తాను తినదు, పాపకు పాలు చాలడం లేదని బద్రున్నీసా అక్క కుప్పం నుంచి వచ్చి కూర్చుంది, ఏమైందే నా కూతురికి అని నన్ను అడుగుతుంది. ఏం చెప్పను అక్కా. నీ కూతురు ఒక మాట అంది, ఆ మాట నిజమనుకుని నేను సంతోషపడ్డాను, ఇందులో తప్పెవరిది?

మొన్న శుక్రవారం మెలకువ వచ్చి ఇంకా తెల్లారలేదనుకుని అట్లాగే పడుకున్నాను. పాలవాడు వచ్చి వెళ్ళాడు. అక్క వాకిలి చిమ్మింది. పిల్లలు బడికి పోతూ వీధిలో కేకలు. అయినా తెల్లారలేదు. అప్పుడు నేను లేచి కూర్చుని చేయి కంటి ముందుకు పెట్టుకున్నాను, ఇంకా దగ్గరికి, ముక్కుకు తగిలేంత దగ్గరికి. చెంబు మూత లేదు. మసక కూడా లేదు. గట్టిగా అరవాలనిపించింది, కొంగు నోట్లో కుక్కుకున్నాను. జుబేదా టీ తెచ్చి ఇస్తే, ఈ పొద్దు మబ్బుగా ఉండాదే, అని నోరు జారాను, "లేదు ఖాలా, ఎండ ఫెళ్ళున కాస్తాండాది," అంది, అదే అంటాండా, కొంచెం పోతే మబ్బు పడుతుందేమో అని, అని దిద్దుకున్నాను. అప్పటి నుంచి ఈ నాటకం. ముందు కూడా తడుముకునే నడిచేదాన్ని కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. దానికి చెప్తే ఆ పిల్ల బతుకుతుందా? ఇరవై ఏళ్ళు నిండని పిల్ల, ఒళ్ళో పసిబిడ్డ, పొద్దున లేచినప్పటి నుంచి నా మొహం చూస్తూ బతకాలి, ఈ కన్ను నా మాటతో పోయింది అనుకుంటూ. ఏదో ఒకటి కోసేస్తే చాలు, కట్టు కట్టేస్తే చాలు, తర్వాత పోయిందంటే ఆపరేషన్‌లో పోయింది అనుకుంటుంది, అయ్యో డాక్టరమ్మ మీదికి పోతుందే ఆ నింద, పోనీ అల్లా రాత అనుకుంటుంది, ఎవరి మీదికైనా పోనీ దాని మీదికి తప్ప.

"అజీజాబీ, పుంగనూరు!" కేక వేశారు. లేచాను. ఎండ నా పాదాల మీద నుంచి జారిపోయింది. ముత్యాలప్ప వెనక నుంచి, పోయిరామ్మా మంచి జరుగుతాది, అంటున్నాడు. లోపల డెట్టాల్ వాసన, ఇనప స్టూలు, డాక్టరమ్మ వేళ్ళు నా రెప్ప మీద, ఎరుపంతా పోయిందే, అంది, సంతోషంగానే అంది, ఆ తర్వాత వేళ్ళు కంటి గుడ్డును మెత్తగా నొక్కి చూస్తున్నాయి, గాజు తొడిగే ముందు నేను చేయి నొక్కినట్టు. "దీపం పెడతానమ్మా. వెలుతురు ఎటు నుంచి వస్తోందో చేత్తో చూపించు." చీకటే. కానీ కుడి చెంప మీద వెచ్చగా తగిలింది, పెద్ద బల్బు ఉంటుంది కదా ఇక్కడ, కాగిన పెనం దగ్గర చేయి పెట్టినట్టు తెలుస్తోంది. ఈ పక్క, అన్నాను. "ఇప్పుడు?" నుదురు మీద. పైనుంచి డాక్టరమ్మా. వెనక జుబేదా పెద్దగా ఊపిరి వదిలింది, దువా చదువుతోంది గబగబా, గాజులు గలగలమంటున్నాయి, ఎన్నాళ్ళైంది ఆ గలగల విని, ఈ ఒక్క చప్పుడు కోసమైనా ఇంకో అబద్ధం ఆడొచ్చు. బయట టమాటా లారీ పెద్దగా హారన్ కొట్టింది. "ఇప్పుడు ఎటు నుంచమ్మా?" మళ్ళీ కుడి చెంప, కొంచెం తక్కువే గానీ వెచ్చగానే ఉంది. ఈ పక్కనే, అన్నాను, చేయెత్తి చూపించాను, బాగా కనిపిస్తాండాది డాక్టరమ్మా, బాగా తెల్లగా కనిపిస్తాండాది.

డాక్టరమ్మ చేయి నా భుజం మీదికి వచ్చింది. గాజుల గలగల ఆగిపోయింది. చౌడమ్మ ఇంట్లో ఆగినట్టే ఆగింది. ఏమైంది, తప్పు చెప్పానా, ఎడమ పక్కనా, కాదే, వెచ్చగా ఉంది కదా, అని నేను ఇంకా చేయి చూపిస్తూనే ఉన్నాను, అప్పుడు జుబేదా మా ఇంటి మాటలో, పాపను నిద్రపుచ్చేటప్పుడు మాట్లాడే గొంతుతో అంది, "ఖాలా, దీపం ఆర్పేశారు ఖాలా."

చేయి దించుకున్నాను. అది నా ఒళ్ళో తల పెట్టి పడిపోయింది, వీపంతా ఎగిరెగిరి పడుతోంది, నేను తడుముకుని దాని చేయి పట్టుకున్నాను, చిక్కిపోయిన చేయి, నేను తొడిగిన గాజులు వదులై మోచేతి దాకా జారుతున్నాయి. "బస్సులోనే అంటింది అమ్మీ, నీకాన్నించి కాదు, బస్సులోనే," అంటున్నాను, మళ్ళీ మళ్ళీ అదే అంటున్నాను. నా కుడి చెంప ఇంకా వెచ్చగానే ఉంది.